బాణం ఎన్ని తులాలు?

గరాజ్‌లో మా ఆవిడ గొలుసు కాటా మీద పెట్టి తూస్తుంటే సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని తను వచ్చింది.

"ఏమండీ, అమ్మేస్తున్నారా ఏంటి?"

అమ్మడం కాదు, కాటా నిజం చెబుతోందో లేదో చూస్తున్నాను. బాణాలు తూచడానికి కొన్న చిన్న కాటా అది, బరువు గ్రెయిన్లలో చూపిస్తుంది. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. మా అత్తగారు పెట్టిన గొలుసు ఆ పాత తులం లెక్కలో చేయించినదే, ఇప్పుడు షాపుల్లో చెప్పే పది గ్రాముల తులం కాదు. మూడు తులాల గొలుసు కాబట్టి 540 రావాలి. 538 వచ్చింది. ఇన్నేళ్లు మెడలో ఉన్న వస్తువు, రెండు గ్రెయిన్లు తరుగు పోయిందనుకుంటే కాటా మంచిదే.

"అయితే మీ బాణం ఎన్ని తులాలు?" అంది.

రెండు తులాల చిల్లర అని చెప్పాను. అది తప్పు బాణమని అప్పటికి నాకు తెలియదు.

మాది మార్కాపురం, పలకల ఊరు. చిన్నప్పుడు శ్రీశైలం వెళ్తూ దోర్నాలలో బస్సు ఆగినప్పుడు భుజాన విల్లంబులతో నడిచిపోయే ఒక చెంచు తాతను కిటికీలోంచి చూసిన జ్ఞాపకం తప్ప నాకూ విల్లుకూ ఏ చుట్టరికమూ లేదు. ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాం. కార్లలో చప్పుడు, వణుకు తగ్గించే విభాగంలో నా ఉద్యోగం. ఆఫీసులో పక్క సీటాయన అక్టోబర్ వచ్చిందంటే సెలవు పెట్టి మాయమైపోయేవాడు. ఎక్కడికని అడిగితే ఒకసారి విల్లుతో జింకల వేటకు వెంట తీసుకెళ్లాడు. అక్కడితో నేనూ చెడిపోయాను.

ముందే ఒక మాట. ఇది చదివి మన ఊళ్లో ఎవరూ విల్లు పట్టుకుని అడవిలోకి బయలుదేరకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నేరం. ఇక్కడ మిషిగన్‌లో మాత్రం జింకల వేటకు లైసెన్సు ఇస్తారు, సీజన్ పెడతారు. విల్లుతో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 వరకు, మళ్లీ డిసెంబర్‌లో. మధ్యలో నవంబర్ 15 నుంచి తుపాకుల వాళ్లది. 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు తీసుకోవాలంటే ముందు సేఫ్టీ క్లాసు పాసవ్వాలి. ఆ క్లాసులో నా పక్కన కూర్చున్నది పన్నెండేళ్ల పిల్ల. పరీక్షలో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది.

మొదటి విల్లు కొన్నప్పుడు షాపతను చెప్పిందంతా స్పీడు గురించే. చివర్లలో కప్పీలుండే కాంపౌండ్ విల్లు అది, దాని పెట్టె మీద సెకనుకు 335 అడుగులని రాసి ఉంది. ఆ అంకె ఎలా వస్తుందో తర్వాత తెలిసింది. 70 పౌండ్ల లాగుడు, 30 అంగుళాల డ్రా (నారిని వెనక్కి లాగే పొడవు), 350 గ్రెయిన్ల బాణం, వీటితో కొలుస్తారు. నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, డ్రా ఇరవై ఏడున్నర అంగుళాలు, లాగేది 60 పౌండ్లు. కార్ల కంపెనీలు చెప్పే మైలేజీ అంకెలాంటిదే ఇదీ. అదే షాపులో లోపల వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు నిలబడి వేస్తే నాకు వచ్చింది 270.

దానికే నేను తబ్బిబ్బయ్యాను. ఆ బాణం 385 గ్రెయిన్లు. లెక్క విప్పితే ఇంతే: 27 అంగుళాల కార్బన్ కాడ 240, ముందు ములికి బిగించే అల్యూమినియం ఇన్సర్ట్ 15, వెనక నారికి తగిలించే నాక్ 10, మూడు ప్లాస్టిక్ ఈకలు కలిపి 20, ములికి 100. ఇంకా తేలిక చేయొచ్చు, 320కి దింపితే 290 దాకా పోతుందని షాపతను ఊరించాడు కూడా. కాకపోతే దానికీ ఒక హద్దుంది. లాగే ప్రతి పౌండుకూ కనీసం ఐదు గ్రెయిన్ల బాణం ఉండాలని విల్లు తయారుచేసేవాళ్లే చెబుతారు. నాకైతే 300. అంతకన్నా తగ్గితే బాణం లేకుండా ఖాళీ నారి వదిలినట్టే, విల్లు పగిలిపోయినా ఆశ్చర్యం లేదు.

2021 అక్టోబర్‌లో, జాక్సన్ దగ్గర ఒక ముసలి రైతు పొలంలో మొదటిసారి ఒంటరిగా మంచె ఎక్కాను. ఇక్కడివాళ్లు ట్రీ స్టాండ్ అంటారు గానీ నాకు మంచె అనే వస్తుంది. మన జొన్నచేలో పిట్టల్ని తోలడానికి కట్టేదానికీ దీనికీ తేడా అల్లా నడుముకు కట్టుకునే బెల్టు. సాయంత్రం ఐదున్నరకు మొక్కజొన్న చేను అంచు దాటి ఒక ఆడ జింక ఓక్ చెట్ల కిందికొచ్చింది. దూరం కొలిచే రేంజ్ ఫైండర్ 24 గజాలు చూపించింది. పక్కకు తిరిగి నిలబడింది, అంతకన్నా మంచి అవకాశం దొరకదు. కానీ దాని తల ఎత్తే ఉంది, ఒక చెవి నా వైపే తిరిగి ఉంది. అప్పుడు ఆగాల్సింది. ఆగలేదు.

నారి వదిలాను. నేను గురి పెట్టిన చోట జింక లేదు. పారిపోలేదు, కిందికి కుంగింది. దూకే ముందు కాళ్లు మడిచి స్ప్రింగులా నొక్కుకుంటాయి అవి. ఊపిరితిత్తులకు పోవాల్సిన బాణం జబ్బ ఎముకకు తగిలింది. రాయి మీద కర్ర విరిగినట్టు చప్పుడైంది. జింక బాణంతోనే పరుగెత్తింది. అరవై గజాల అవతల సగానికి విరిగిన కాడ దొరికింది. దాని మీద నెత్తురు మరక జానెడు కూడా లేదు. ఆ రాత్రి టార్చి పట్టుకుని, మర్నాడు జాడ తీసే కుక్కను తెచ్చిన ఒక పెద్దమనిషితో కలిసి వెతికాం. పొలం అంచున వాగు దగ్గర నెత్తుటి చుక్కలు ఆగిపోయాయి. దొరకలేదు. ఆ వారం ఇంట్లో నేనెవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అమ్మకు ఫోన్‌లో చెబితే, "నోరులేని జీవాన్ని సగం చంపి వదిలేశావా" అని పెట్టేసింది. అమ్మ మాటలో సగం అన్న ముక్క చాలా రోజులు నలిగింది.

తర్వాత కూర్చుని లెక్కేశాను. చప్పుడు సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది. 24 గజాలంటే 72 అడుగులు. నారి చప్పుడు జింక చెవిలో పడటానికి 0.065 సెకను. నా బాణం చేరడానికి దాదాపు 0.27. అంటే విన్న తర్వాత కదలడానికి జింకకు 0.2 సెకను దొరికింది. సరే, షాపతను చెప్పినట్టు ఇంకా వేగం పెంచితే? సెకనుకు 350 అడుగులతో వేసినా దానికి 0.14 సెకను మిగులుతుంది. చప్పుడును గెలిచే బాణం ఏ షాపులోనూ లేదు. మరి ఆ చప్పుడే తగ్గిస్తే? పగలంతా నేను చేసే ఉద్యోగం అదే కదా, ఈ ప్రశ్న నాకు ఇంత ఆలస్యంగా తట్టినందుకు సిగ్గేసింది.

విల్లు లాగినప్పుడు అందులో కొంత శక్తి దాచుకుంటుంది. వదిలినప్పుడు అందులో ఎక్కువ భాగం బాణంతో వెళ్లిపోతుంది. వెళ్లనిది విల్లులోనే ఉండి రెక్కల్నీ నారినీ వణికిస్తుంది. మనం వినే "టప్" ఆ వణుకే. బాణం బరువు పెంచితే అది తనతో ఎక్కువ శక్తి తీసుకుపోతుంది, విల్లుకు తక్కువ మిగులుతుంది. కంపెనీ మైకులు ఇంటికి తేలేను, ఫోన్ యాప్ అంకెల్ని నమ్మను. అందుకని మా బావమరిదిని ఇరవై గజాల అవతల అడ్డగోడ వెనక కూర్చోబెట్టి, ఏ బాణం వేస్తున్నానో చెప్పకుండా వేశాను. తేలిక బాణానికి "పలక మీద బలపం విరిగినట్టుంది బావా" అన్నాడు, బరువు బాణానికి "దిండు మీద కొట్టినట్టుంది" అన్నాడు. పది బాణాల్లో పదీ గుర్తుపట్టాడు. వాడికి దీని మీద ఏ ఆసక్తీ లేదు, బిర్యానీ ఆశ చూపించి కూర్చోబెట్టాను.

ఇక రెండోది, ఎముక. వేటగాళ్లందరూ ఒకరికొకరు చూపించుకునే శక్తి పట్టిక ఒకటుంది. జింకకు 25 నుంచి 41 ఫుట్-పౌండ్లు చాలు, ఎల్క్ అనే పెద్ద జింకకూ ఎలుగుబంటికీ 42 నుంచి 65 కావాలి అని. బాణం బరువును వేగంతో, మళ్లీ వేగంతో గుణించి 450,240తో భాగిస్తే ఆ అంకె వస్తుంది. నా 385 గ్రెయిన్ల బాణానికి 62. పట్టిక ప్రకారం నేను ఎల్క్‌ను కొట్టొచ్చు. ఆడ జింక జబ్బ దాటలేకపోయాను. ఆ అంకెలో వేగం రెండుసార్లు గుణించి ఉంది కాబట్టి అది తేలిక బాణాల లోపాన్ని దాచేస్తుంది. బరువును వేగంతో ఒక్కసారే గుణిస్తే వచ్చేది ఊపు, ఫిజిక్సు మాస్టారు ద్రవ్యవేగం అనేవారు. కదిలే వస్తువును ఆపడం ఎంత కష్టమో అది చెబుతుంది. ఎద్దులబండికి అడ్డం నిలబడటానికీ, పరుగెత్తే కుర్రాడికి అడ్డం నిలబడటానికీ ఉన్న తేడా.

అంతా అర్థమయ్యేసరికి, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను రెండో చివరికి పోయాను. ఎడ్ ఆష్బీ అనే ఆయన దక్షిణాఫ్రికాలో పెద్ద జంతువుల మీద బాణాలు ఎంత లోతు దిగుతాయో ఏళ్ల తరబడి పరీక్షించాడు. గట్టి ఎముక దాటాలంటే 650 గ్రెయిన్ల చుట్టుపక్కల ఉండాలన్నది ఆయన మాట. సరే అని 100 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్, 200 గ్రెయిన్ల ములికి పెట్టి 627 గ్రెయిన్ల బాణం కట్టాను. మూడున్నర తులాలు! చేతిలో పట్టుకుంటే ఇనుప చువ్వలా ఉంది. వేగం 216కి పడిపోయింది.

మొదటి రోజు భలే అనిపించింది. ఫోమ్ టార్గెట్‌లోంచి ఊడదీయడానికి కాలు పెట్టి లాగాల్సి వచ్చింది. రెండో రోజు సైటు సరిచేయడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. సైటులో ఒక్కో దూరానికి ఒక్కో గురి పిన్ను ఉంటుంది. ఇరవై గజాల పిన్నుతో ముప్ఫై గజాలకు వేస్తే 385 బాణం ఐదంగుళాలు కిందికి తగిలేది. ఇది తొమ్మిదంగుళాలు. నలభై గజాల పిన్ను సైటు రింగు అడుక్కి ఆనుకుంది. ముప్ఫై అనుకున్న జింక నిజానికి ముప్ఫై మూడులో ఉంటే గురి పెట్టిన చోటికి మూడంగుళాలకు పైగా కింద తగులుతుంది. ఆష్బీ గారి లెక్క తప్పు కాదు. ఆయన ఎదురుగా ఉన్నవి పెద్ద జంతువులు. మా రైతు పొలంలో అడవి దున్నలు తిరగవు.

ఇక్కడ మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ గుర్తొస్తుంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. తనదీ కాంపౌండ్ విల్లే. పోటీ నియమాల ప్రకారం 60 పౌండ్లు మించకూడదు, అంటే నాకన్నా బలమైన విల్లేమీ కాదు. యాభై మీటర్ల దూరం, 80 సెంటీమీటర్ల కాగితం. ఆ పోటీకి బాణం ఎంచుకునే లెక్క వేరు. కాగితానికి చెవులుండవు, ఎముకలుండవు, దూరం ముందే కొలిచి ఉంటుంది. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "సురేఖ వాడే బాణాలే కొనుక్కోండి సార్" అని సలహా ఇచ్చాడు. కొనుక్కున్నా ఆమెలా వేయలేను, అది వేరే విషయం.

చివరికి మధ్యలో ఆగాను. కొంచెం గట్టి కాడ 267, ఇత్తడి ఇన్సర్ట్ 50, ములికి 125, నాక్, ఈకలు అవే 30. మొత్తం 472. వేగం 247. ఆ మూడు బాణాల శక్తి పక్కపక్కన రాసుకుంటే 62, 64, 65. షాపు గోడ మీద ఏ అంకె చూసి అందరూ వాదించుకుంటారో అది దాదాపు కదల్లేదు. ఊపు మాత్రం 385 నుంచి 472కి వచ్చేసరికి 12 శాతం పెరిగింది. ముప్ఫై గజాలకు పడే తేడా ఒకటిన్నర అంగుళం. జింకకు అదనంగా దొరికేది సెకనులో వందోవంతులు రెండో మూడో. ఈ నష్టం నేను భరించగలను. ఎందుకంటే నేను 25 గజాలు దాటి వేయనని ఒట్టు పెట్టుకున్నాను. వేగం కాపాడేది దూరం తప్పుగా అంచనా వేసినవాణ్ణి. ఆ తప్పుకు జేబులో రేంజ్ ఫైండర్ ఉంది. ఎముక తగిలితే కాపాడేదేదీ జేబులో ఉండదు, ముందే బాణంలో ఉండాలి.

కాడ ఎందుకు మార్చానో చెప్పాలి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ముందు బరువు పెంచితే వదిలిన క్షణంలో కాడ ఎక్కువ వంగుతుంది. కాడ గట్టిదనాన్ని స్పైన్ అంకెతో చెబుతారు. 28 అంగుళాల ఎడంతో రెండు ఆధారాల మీద కాడను పెట్టి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎంత వంగిందో అదే స్పైన్. 400 అంటే 0.4 అంగుళం. అంటే అంకె చిన్నదైతే కాడ గట్టిది, అంతా తలకిందులు. నేను 400 నుంచి 340కి మారాను. ముందు మారకుండా పాత కాడకే బరువైన ములికి పెట్టి చూశాను. ఫ్రేముకు కాగితం బిగించి ఆరడుగుల నుంచి వేస్తే గుండ్రంగా చిల్లు పడాల్సింది, రెండంగుళాల అడ్డ చీలిక పడింది. తోక ఊపుకుంటూ పోయే బాణం ఎన్ని తులాలైతే ఏంటి, తగిలిన చోటే తన బలమంతా పక్కకు పోగొట్టుకుంటుంది. 340తో కాగితం మీద చిల్లు, మూడు ఈకల గీతలు, అంతే. ఆ కాగితం ఇంకా గరాజ్ గోడ మీదే ఉంది. పిల్లల డ్రాయింగులు తీసి అది పెట్టానని నా మీద ఫిర్యాదు.

ములికి కూడా మార్చాను. మొదటిది తగలగానే రెక్కలు విచ్చుకునే రకం, రెండంగుళాల గాయం చేస్తుందని అమ్మారు. విచ్చుకోవడానికి కూడా బలం కావాలని, ఎముక దగ్గర అది ఇంకా ఎక్కువ కావాలని నాకు తట్టలేదు. ఇప్పటిది కదలని రెండు అంచుల ములికి, మన కూరగాయల కత్తి కంటే పదునుగా రాతి మీద నేనే నూరుకుంటాను. ముంజేతి మీద వెంట్రుకలు గొరగకపోతే పొదిలో పెట్టను. సీజన్‌లో నా ఎడమ చేయి ఎప్పుడూ నున్నగానే ఉంటుంది.

2022లో ఒక్క బాణమూ వేయలేదు. ఏడుసార్లు మంచె ఎక్కాను, మూడుసార్లు జింకలొచ్చాయి. రెండుసార్లు దూరం ఎక్కువ, ఒకసారి చెవులు నా వైపే.

2023 నవంబర్, తుపాకుల సీజన్ ఇంకా మొదలవలేదు. పొద్దున్నే నేలంతా మంచు పేరుకుంది. అదే ఓక్ చెట్లు. రెండు ఆడ జింకలు. వెనకది తలవంచి గింజలు ఏరుకుంటోంది, 18 గజాలు. మునుపటిలా గుండె గొంతులోకి వచ్చింది గానీ ఈసారి చెవులు చూశాను. రెండూ అటువైపే ఉన్నాయి. వదిలాను.

దిండు మీద కొట్టిన చప్పుడు. జింక తలెత్తి చుట్టూ చూసింది. నాలుగడుగులు నడిచింది. తప్పిపోయిందే అనుకున్నాను, ఎందుకంటే బాణం దాని అవతల నేలలో దిగబడి, ఈకలు పైకి పెట్టుకుని నిలబడి కనిపిస్తోంది. జింక ఇంకో నాలుగడుగులు వేసి, తోక ఆడించి, తెల్లారగట్ల నిద్ర సరిపోని మనిషిలా ఒక పక్కకు తూలి చెట్టు వెనక్కి వెళ్లింది. తర్వాత ఆకుల చప్పుడు ఒక్కసారి. మళ్లీ ఏమీ లేదు. రెండో జింక అక్కడే నిలబడి ఇంకా గింజలు తింటోంది. ఏం జరిగిందో దానికి తెలియదు.

అరగంట మంచె దిగలేదు. దిగి ముందు బాణం దగ్గరికి వెళ్లాను. కాడ పొడుగునా గులాబీ రంగు నురుగు నెత్తురు, అంటే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం, గంటలు ఆగాల్సి వచ్చేది. పచ్చగా ఉంటే పేగులు, ఆ రోజు నా మొహం నేను చూసుకోలేకపోయేవాణ్ణి. జింక యాభై గజాల లోపే పడి ఉంది. ట్యాగ్ కట్టి, పక్కన కూర్చుని, అమ్మకు ఫోన్ చేయాలా వద్దా అని ఆలోచించి మానేశాను. రైతు ముసలాయన ట్రాక్టర్ తెచ్చాడు. ఒక తొడ ఆయనకిచ్చాను. మిగతాది శుభ్రం చేయించి తెచ్చి, మిరియాలు ఎక్కువ వేసి మా ఆవిడ ఇగురు చేసింది. ఈ మాంసంలో కొవ్వు ఉండదు, మన మేక మాంసంలా ఉడికిస్తే తోలవుతుంది, నెమ్మదిగా పోనివ్వాలి.

ఆ రాత్రి బాణం కడిగి, తుడిచి, కాటా మీద పెట్టాను. 469. ఒక ఈక చివర సగం తెగిపోయి ఉంది, ఆ ఓక్ వేళ్లలో ఎక్కడో పడి ఉంటుంది. మా ఆవిడ గిన్నె తుడుస్తూ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"తరుగు ఎంత?" అంది.

"మూడు గ్రెయిన్లు."